చాయ్, ఖహ్వా, నిలవని ధ్యాస

"చాయ్ పడితే గానీ బుర్ర పని చేయదు" అనే మాట మన ఆత్మకూర్ బజారులో వినని వారుండరు. బస్టాండు దగ్గర గాని, సంత నాడు బండి దగ్గర గాని ఈ మాట దినమూ వినబడుతూనే ఉంటుంది. చాలామందికి ఇది అలవాటు మాట మాత్రమే. కాని కొందరికి ఇది మాట కాదు, అవసరం. ప్రతి మొహల్లాలోనూ అటువంటి వారు ఒకరిద్దరు ఉంటారు. తెలివికి కొదవ లేదు, మనసు మంచిది, మొదలుపెట్టిన పని మాత్రం కొస ముట్టదు. తాళం చెవి ఎక్కడ పెట్టారో గుర్తుండదు. దరఖాస్తు గడువు దాటిపోతుంది. ఎదుటివారి మాట ముగియకముందే లేచి నిలబడతారు. ఒక దుకాణం మూసి మరొకటి తెరుస్తారు. వీరికి ఇంట్లోనూ బయటా దొరికే బిరుదులు రెండే: "నిలకడ లేనివాడు", "బేపర్వా మనిషి". ఇటువంటి వారిలో చాలామంది దినానికి ఎనిమిది, పది చాయ్‌లు తాగుతుంటారు. ఎందుకని అడిగితే, తాగిన కాసేపు మనసు ఒకచోట నిలుస్తుందని చెబుతారు.

నేటి వైద్యశాస్త్రం ఇటువంటి లక్షణాలలో కొన్నింటికి ఏ.డి.హెచ్.డి. అని పేరు పెట్టింది. ధ్యాస నిలవకపోవడం, ఒళ్ళు కుదురుగా ఉండకపోవడం, ఆలోచించకముందే పని చేసేయడం అని దాని అర్థం. ఉర్దూలో తవజ్జో అంటామే, ఆ తవజ్జో నిలవని స్థితి అన్నమాట. దీనికి చాయ్ మందు అవుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో కొంత దొరుకుతుంది. కావున ఆ చరిత్రను మేము సంక్షిప్తంగా ఇక్కడ ముచ్చటించదలచాము.

మొదట యెమెన్ దేశానికి పోవలె. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో కూర్చునేటప్పుడు నిద్ర ముంచుకు రాకుండా, మనసు చెదరకుండా ఉండేందుకు కాఫీ గింజల కషాయం తాగేవారు. దానినే ఖహ్వా అన్నారు. అంటే కాఫీ మొదట విలాసంగా గాక, ధ్యాస నిలుపుకొనే సాధనంగా లోకానికి పరిచయమైంది. 16వ శతాబ్దంలో అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ అనే పండితుడు కాఫీని గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. కైరోలో అల్ అజ్‌హర్ వద్ద ఉండే యెమెన్ సూఫీలు ఖహ్వా ఎట్లా తాగేవారో అందులో వర్ణించాడు. సోమవారానికీ శుక్రవారానికీ ముందటి రాత్రులలో పెద్ద ఎర్రమట్టి పాత్రలో కషాయం పెట్టేవారట. వారి పెద్ద చిన్న గరిటెతో తీసి, కుడివైపు నుంచి వరుసగా ఒక్కొక్కరికి అందించేవాడట. పాఠక మహాశయులు ఇక్కడ మూడు సంగతులు గమనించవలె. ఒకటి కొలత, రెండవది వేళ, మూడవది పెద్దల చేయి. ఎవరికి తోచినంత వారు, తోచినప్పుడల్లా తాగే పద్ధతి అక్కడ లేదు.

ఆ పద్ధతి దాటి ఖహ్వా బజారుకెక్కిన తరువాత గొడవ మొదలైంది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి, మస్జిద్ దగ్గర రాత్రిపూట జనం గుమికూడి ఖహ్వా తాగుతుండగా చూసి, న్యాయవేత్తలనూ హకీములనూ సమావేశపరిచాడు. ఇది శరీరానికీ బుద్ధికీ చెరుపు అని కొందరు సాక్ష్యం పలికారు. నిషేధం విధించారు, గింజలు తగులబెట్టారు. కాని కైరో సుల్తాను అంత కఠినమైన నిషేధాన్ని ఒప్పుకోలేదు. గుమికూడి అల్లరి చేయవద్దన్నాడే గాని ఖహ్వాను పూర్తిగా కాదనలేదు. ఇది మందా, మత్తా, వట్టి పానీయమా అన్న తర్కం ఆనాడే పుట్టింది. నేటికీ అది ముగియలేదు.

మన దేశానికి కాఫీ రాకను గురించి తరతరాలుగా చెప్పుకునే కథనం ఒకటి గలదు. 17వ శతాబ్దంలో హజ్రత్ బాబా బుడన్ హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల మీద నాటాడని అంటారు. ఆ కొండలను ఇప్పటికీ బాబా బుడన్ గిరి అనే పిలుస్తారు. ఇంత దగ్గరలో కాఫీ పండినా మన తెలంగాణ పల్లెలకు చేరింది మాత్రం చాయ్. బ్రిటిష్ వారు 1830ల నుంచి అస్సాంలో తేయాకు తోటలు వేయించారు. 1903లో టీ సెస్ చట్టం చేసి, ఆ రాబడితో తేయాకుకు ప్రచారం నడిపించారు. అటుపక్క ఇరాన్ నుంచి వలస వచ్చిన వారు హైదరాబాదులో హోటళ్ళు తెరిచి, డికాక్షను దమ్ మీద పెట్టి, చిక్కటి పాలు కలిపి ఇరానీ చాయ్ అలవాటు చేశారు. పౌనా, సులేమానీ, ఖడా చమ్మచ్, వన్ బై టూ, ఈ మాటలు తెలియని వారు మనలో ఎవరున్నారు?

ఆత్మకూర్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోని అమరచింత సంస్థానానికి రాజధాని. 2016 నుంచి వనపర్తి జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతం కష్టజీవులది. పాలమూరు లేబర్ అని పేరు పడి, దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ తవ్విన కూలీలు ఈ నేలవారే. ఆకలిని వాయిదా వేయడానికీ, అలసటను మరిపించడానికీ చాయ్ వారికి తోడైంది. సూఫీల చేతిలో గరిటె కొలతతో ఉన్న వస్తువు, మన చేతికి వచ్చేసరికి కొలత లేని వస్తువు అయింది.

ఇక శాస్త్రం సంగతి. 1819లో జర్మనీలో రుంగే అనే రసాయన శాస్త్రవేత్త కాఫీ గింజల నుంచి ఒక తెల్లని పదార్థాన్ని వేరుచేశాడు. ప్రసిద్ధ కవి గోథే అతనికి ఆ గింజలు ఇచ్చి పరీక్షించమన్నాడని చరిత్ర. ఆ పదార్థమే కెఫీన్. తేయాకులో ఉండేది కూడా అదేనని 1838లో తేలింది. కెఫీన్ చేసే పని ఏమంటే, మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. "అలసిపోయావు, పడుకో" అని చెప్పేది అదే. కెఫీన్ పోయి అడినోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. కబురు అందదు. అంటే అలసట పోదు, అలసట కబురు మాత్రమే ఆగుతుంది. కెఫీన్ కొత్త బలం ఇవ్వదు, రేపటి నిద్ర నుంచి చేబదులు తెస్తుంది అనవచ్చు.

ధ్యాస నిలవని వారిని గురించి వైద్యులు వ్రాయడం కూడా పాత సంగతే. 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లాండు వైద్యుడు తన గ్రంథంలో ధ్యాసకు ఒక అధ్యాయమే కేటాయించి, దేనిమీదా మనసు నిలపలేని వారిని వర్ణించాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివి ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశాడు. ఉత్తేజపరిచే మందు ఇస్తే మరింత అల్లరి చేస్తారని ఎవరైనా అనుకుంటారు. కాని వారిలో 14 మంది చదువులో చెప్పుకోదగినంత బాగుపడ్డారు. 1944లో స్విట్జర్లాండులో పనిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తయారుచేశాడు. భార్య రీటా పేరు మీద దానికి రిటాలిన్ అని పేరు వచ్చింది. ఈ రోజుకూ వాడుకలో ఉన్న ముఖ్యమైన మందు ఇది.

ఉత్తేజక మందు పని చేస్తుంటే, అందరికీ దొరికే కెఫీన్ ఎందుకు పని చేయదు? ఈ ప్రశ్న వైద్యులకే వచ్చింది. 1973లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ష్నాకెన్‌బర్గ్ అనే వైద్యుడు, అటువంటి పిల్లలకు ఆ మందులకు బదులు కెఫీన్ ఇవ్వవచ్చునని వ్రాశాడు. చాలామందికి ఆశ కలిగింది. మందు చౌక, ఇంట్లోనే ఉన్నది, డాక్టరు చీటీ అక్కరలేదు. కాని రెండేళ్ళకు, 1975లో, అదే పత్రికలో రెండు వేర్వేరు పరిశోధనలు వెలువడ్డాయి. కెఫీన్‌నూ, అసలు మందునూ, మందు లేని వట్టి మాత్రనూ ఇచ్చి పోల్చి చూశారు. అసలు మందుకు గుణం కనిపించింది. కెఫీన్ వట్టి మాత్ర కంటే మెరుగని తేలలేదు. కారణం ఉన్నది. ధ్యాసను నడిపించే డోపమిన్, నారడ్రినలిన్ అనే పదార్థాల మీద అసలు మందు నేరుగా పని చేస్తుంది. కెఫీన్ చుట్టుదారిన పోయి కొద్దిగా తడుతుంది. తలుపు తట్టడం వేరు, తాళం తీయడం వేరు.

ఇది పిల్లల జబ్బేనని, పెద్దయితే పోతుందని చాలాకాలం అనుకున్నారు. 1976లో అమెరికాలోని యూటాలో పాల్ వెండర్ బృందం, పెద్దవారిలోనూ ఇది మిగిలి ఉంటుందని, మందుకు గుణం ఇస్తుందని చూపింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో ధ్యాస లోపం అనే పేరు చేరింది. 1987లో నేటి పేరు స్థిరపడింది. పెద్దవారిలో గుర్తించాలంటే లక్షణాలు నిన్న మొన్న పుట్టినవి కారాదు. 12 ఏళ్ళ లోపే మొదలై ఉండవలె, ఇంట్లోనూ పనిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెట్టవలె. ఆడపిల్లల సంగతి మరీ గమనించవలసినది. వారిలో చాలామంది అల్లరి చేయరు, కిటికీ వైపు చూస్తూ ఊరకే కూర్చుంటారు. కావున ఎవరి కంటా పడకుండానే పెళ్ళై, ఇల్లాలై, "మతిమరుపు మనిషి" అనిపించుకుంటారు.

మరి చాయ్ తాగితే మనసు నిలుస్తుందని చెప్పే మన అన్నదమ్ములు అబద్ధమాడుతున్నారా? లేదు. మెలకువ పెరిగితే కొంతసేపు ధ్యాస కూడా పెరిగినట్లుంటుంది. చిక్కు ఆ తరువాత వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల చాయ్‌లో 30 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. దినానికి 300 మిల్లీగ్రాములు దాటవద్దని ఆ సంస్థ సలహా. ఎనిమిది కప్పులు అంత కొలతవే తాగితే 240 నుంచి 520 అవుతుంది. కప్పుకు రెండు చెంచాల చక్కెర, చెంచా 5 గ్రాములు, లెక్క కట్టండి: 80 గ్రాములు. ధ్యాస కోసం తాగిన చాయ్ షుగరు జబ్బుకు దారి చూపుతుంది. భోజనానికి గంట ముందూ, గంట తరువాతా చాయ్ వద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. తిన్న తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

అన్నిటికంటే పెద్ద నష్టం నిద్రకు. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పడకకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక పరిశోధన చూపింది. నిద్ర తక్కువైతే మర్నాడు ధ్యాస ఇంకా చెదురుతుంది. దానికి మరో రెండు చాయ్‌లు. గానుగెద్దు తిరిగినట్లు ఇది అక్కడక్కడే తిరుగుతుంది. ధ్యాస నిలవని వారికి నిద్ర మామూలుగానే సరిగా ఉండదు, కావున ఈ చక్రంలో ముందు పడేది వారే.

రమజాన్ మాసంలో మనకు ఇది బాగా అనుభవంలోకి వస్తుంది. మొదటి రోజులలో తలనొప్పి, చిరాకు, బద్ధకం ఉపవాసం వల్లనే అనుకుంటాము. చాలామందికి అది కెఫీన్ మానినందువల్ల. మానిన 12 నుంచి 24 గంటలలో మొదలై, రెండు నుంచి తొమ్మిది రోజులు ఉంటుంది. షాబాన్ నెలలోనే రోజుకు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తే రోజాలు సుఖంగా గడుస్తాయి.

చాయ్ మానేయమని మేము అనడం లేదు. యెమెన్ సూఫీల మూడు సంగతులను జ్ఞాపకం చేస్తున్నాము. కొలత: దినానికి మూడు నాలుగు చిన్న కప్పులు, చక్కెర తక్కువ. వేళ: అసర్ తరువాత వద్దు. పెద్దల చేయి: ఈ విషయంలో పెద్ద అంటే మానసిక వైద్యుడు. చిన్ననాటి నుంచి ధ్యాస నిలవక ఉద్యోగం, సంసారం చిక్కుల్లో పడుతున్నవారు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి గాని, దగ్గరలోని మానసిక వైద్యుని దగ్గరకు గాని పోవచ్చు. "పిచ్చాసుపత్రి" అన్న పాత భయం వదులుకోవలె. పోలేని వారికి 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ సేవ ఉన్నది. 14416కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడు మందు ఇస్తే, తాగే చాయ్ లెక్క ఆయనకు చెప్పవలె. రెండూ కలిస్తే గుండె దడ, రక్తపోటు పెరగవచ్చు. గర్భిణులు కెఫీన్ ఇంకా తగ్గించుకోవలె. పరీక్షల కాలంలో మేలుకొని చదవాలని పిల్లలకు చాయ్ పోయడం మాత్రం బొత్తిగా మంచిది కాదు. చదివినది నిలిచేది నిద్రలోనే.

చివరిగా ఒక్క మాట. బడిలో మేము దినమూ చూస్తూనే ఉన్నాము, బెత్తం వల్ల ధ్యాస కుదిరిన పిల్లవాడు లేడు. అట్లాగే దెప్పిపొడుపు వల్ల నిలకడ వచ్చిన పెద్దవాడూ లేడు. మన సంఘంలో ఫీజుకు, పెళ్ళికి, వైద్యానికి సహాయం చేసే చేతులు ఉన్నాయి. నిలకడ లేనివాడని పక్కన పెట్టిన మన వాడిని ఒక్కసారి వైద్యుని దగ్గరకు తోడుగా తీసుకుపోవడం కూడా ఆ సహాయాలలో ఒకటిగా లెక్క వేసుకోవలెనని మా మనవి.