అలెగ్జాండ్రియా నగర సందర్శనము

మధ్యధరా సముద్రపు దక్షిణ తీరమున, నైలునది ముఖద్వారములకు పడమటి దిక్కున అలెగ్జాండ్రియా నగరము కలదు. క్రీ. పూ. 331లో అలెగ్జాండరు దీనికి పునాది వేసెను. నగరపు హద్దులు గీయుటకు సుద్ద దొరకక యవలపిండి చల్లిరనియు, పక్షులు గుంపులుగా వచ్చి ఆ పిండిని తినివేసెననియు ప్లూటార్కు వ్రాసెను. అది దుశ్శకునమేమోనని రాజు కలత చెందగా, ఈ నగరము అనేక దేశములవారికి అన్నము పెట్టునని జోస్యులు సమాధానము చెప్పిరట. ఆస్థాన జోస్యులకు ఏ దేశమందైనను సమయస్ఫూర్తి తక్కువ కాదు గదా! అయినను ఆ మాట నిజమే అయినది.

ఆ నగరమునకు పోయిన యాత్రికులను మార్గదర్శకులు తప్పక కొనిపోవు చోటులలో ఒకటి 'పాంపే స్తంభము'. అస్వాను నుండి తెచ్చిన ఎఱ్ఱని గ్రానైటు రాతిని మలచి నిలిపినారు. పీఠముతో కలిపి దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. పాంపే అను రోమను సేనానికిని దీనికిని ఏ సంబంధమును లేదు. అతడు క్రీ. పూ. 48లో ఈజిప్టు తీరమున హతుడైనాడు. స్తంభమో, అటుపిమ్మట మూడు శతాబ్దములు దాటిన తరువాత డయొక్లీషియను చక్రవర్తి గౌరవార్థము నిలిపినది. పేరు తప్పని అందరికిని తెలియును. అందరును ఆ పేరుతోనే పిలుతురు. ఆ దిబ్బమీద ఒకప్పుడు సెరాపిసు దేవుని మహాలయముండెను. దానికి చేరి ఒక గ్రంథాలయము కూడ ఉండెను. 391 ప్రాంతమున క్రైస్తవులు ఆ ఆలయమును కూలద్రోసిరి.

దాపుననే భూగర్భ సమాధులు కలవు. 1900లో ఒక గాడిద కాలుజారి గోతిలో పడగా అవి బయటపడినవని చెప్పుదురు. మూడు అంతస్తులుగా రాతిని తొలిచినారు. అచట ఈజిప్టు దేవుడైన అనూబిసు రోమను సైనికుని కవచము ధరించి నిలిచియుండును. ఈ నగరమున జాతులెట్లు కలసి బ్రదికినవో తెలుపుటకు ఆ ఒక్క శిల్పము చాలును.

"ప్రాచీన గ్రంథాలయమెక్కడ?" అని యాత్రికులు అడుగుట సహజము. చూపుటకు ఒక్క రాయియైనను లేదు. 2002లో తెరచిన నూతన గ్రంథాలయము మాత్రము సముద్రమువైపు ఒరిగిన సూర్యబింబము వలె సుందరముగ నున్నది. ప్రాచీన గ్రంథాలయము ఈ రేవు మూలముననే పెరిగినది. వచ్చిన ప్రతి నావను సోదాచేసి, దొరకిన గ్రంథములను తీసికొని, వానికి ప్రతులు వ్రాయించి, ఆ ప్రతులను యజమానులకిచ్చి, అసలు గ్రంథములను రాజు తానే ఉంచుకొనెడివాడని గేలెను అను వైద్యుడు వ్రాసెను. సుంకమును పుస్తకముల రూపమున వసూలు చేసిన రేవు మఱియొకటి యున్నదని నేను వినలేదు. భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ఎరటోస్తనీసు ఆ గ్రంథాలయమునకు అధికారిగా నుండినవాడే.

దానిని కాల్చినదెవరు? క్రీ. పూ. 48లో జూలియస్ సీజరు నావలకు పెట్టించిన నిప్పు ఒడ్డునకు ప్రాకి కొన్ని గ్రంథములను దహించినదని పూర్వులు వ్రాసిరి. ఖలీఫా ఉమరు ఆజ్ఞచే గ్రంథములను స్నానశాలల పొయ్యిలలో వేసిరను కథ మఱింత ప్రసిద్ధము. అరబ్బులు నగరమును గైకొనినది 642లో. ఆ కథ గ్రంథములకెక్కినది అయిదువందల ఏండ్లకు పైబడిన తరువాత. చరిత్రకారులలో పెక్కుమంది దీనిని నమ్మరు. పపైరసు శిథిలమగును, తరతరమునకును తిరిగి వ్రాయింపవలెను. పండితులకు జీతమిచ్చు రాజులు లేనినాడు, వ్రాయసగాండ్రు లేనినాడు, అది నశించుటకు ఏ శత్రువును రానక్కఱలేదు. ఒకే దోషిని వెదకు కథలు మార్గదర్శకులకు సులువు. వానిని నమ్మి ఒక మతమునో ఒక జాతినో నిందించుట న్యాయము కాదు.

ఈ నగరము మనకు కేవలము పరాయిది కాదు. అశోకుని పదమూడవ శిలాశాసనమున యవనరాజుల నడుమ పేర్కొనబడిన 'తురమయుడు' అలెగ్జాండ్రియానేలిన రెండవ టాలెమీయే. ఆ శాసనముల ప్రతి కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి బండలమీద కలదు. అదే పేరుగల భూగోళ శాస్త్రజ్ఞుడు క్రీ. శ. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో కూర్చుండి మన తీరమునందలి 'మైసోలియా' దేశమును, 'కొంటకొస్సుల' అను అంగడిపట్టణమును తన గ్రంథమున చేర్చెను. అది మన ఘంటసాలయే యని పండితుల అభిప్రాయము.

ఇక రేవునకు పోవుదము. కొన భూభాగమున కైత్‌బే సుల్తాను 1477లో ఆరంభించిన కోట యున్నది. ప్రపంచపు ఏడు వింతలలో ఒకటియైన దీపస్తంభము నిలిచిన స్థలమదే. క్రీ. పూ. 280 ప్రాంతమున పూర్తియైన ఆ కట్టడము నూఱు మీటర్లను మించిన ఎత్తున పదునాఱు శతాబ్దములు నిలిచెను. 1303 నాటి భూకంపము దానిని బాగుగ దెబ్బతీసినది. 1326లో ఇబ్న్ బతూతా చూచినపుడు ఒక ప్రక్క శిథిలమై యుండెను. 1349లో తిరిగి వచ్చినపుడు లోనికి పోవుటకే వీలులేకపోయెను. పడిన రాళ్ళలో కొన్ని కోటగోడలకెక్కినవి. తక్కినవి సముద్రమున నిలిచినవి. 1990ల తొలి సంవత్సరములలో, అలల తాకిడినుండి కోటను కాపాడుటకై కాంక్రీటు దిమ్మెలను నీటిలో పడవేయసాగిరి. క్రిందనున్నవి దీపస్తంభపు శిలలని అటుపిమ్మట గుర్తించి ఆ పని ఆపిరి. 1994 నుండి జాన్-ఈవ్ ఎంపరర్ అను ఫ్రెంచి పురాతత్త్వజ్ఞుని బృందము సముద్రగర్భమున వేలకొలది శిలలను గుర్తించినది. 2025లో ద్వారబంధములు మొదలగు మహాశిలలు ఇరువదిరెండింటిని పైకెత్తిరి. సముద్రము నేటికిని తీరమును కోయుచునే యున్నది.

చివరకు మన్షియా చౌకము. రేడియో వినువారు ఈ చోటును ప్రత్యేకముగ తలచుకొనవలెను. 1956 జూలై 26వ తేదీ రాత్రి నాసరు ఇచటినుండి చేసిన ఉపన్యాసము దేశమంతట ప్రసారమైనది. కాలువను త్రవ్వించిన 'డి లెస్సెప్స్' పేరు ఆ ఉపన్యాసమున వినబడుటయే సంకేతము. రేడియోల చెంత కాచుకొనియున్నవారు ఆ పేరు వినినంతనే కదలి సూయజు కాలువ కార్యాలయములను వశపఱచుకొనిరి. రేడియోలో పలికిన ఒక్క పేరు ఇంతటి పని చేసిన సందర్భములు అరుదు. అది ఒక జాతి తన సొత్తును తాను తీసికొనిన ఘడియ. అయితే ఆ యేటి యుద్ధము తరువాత, తరతరములుగా ఆ నగరమునే తమ ఊరుగా నెంచుకొనిన గ్రీకులు, ఇటాలియనులు, యూదులు వేలకు వేలుగా నావలెక్కి వెడలిపోయిరి. మార్గదర్శకులు మొదటి భాగమును ఉత్సాహముతో చెప్పుదురు. రెండవది అడిగిననే గాని చెప్పరు.

అడిగినవారు నబీ దానియాలు వీధిలోని యూదుల ప్రార్థనామందిరమును చూడవలెను. ఈజిప్టు ప్రభుత్వము దానిని బాగుచేయించి 2020లో తిరిగి తెరపించినది. ప్రార్థనకు వచ్చువారు నేడు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియు లేరు. ఎవరి పీఠము ఎవరిదో తెలుపుచు, వెడలిపోయిన గృహస్థుల పేర్లు చెక్కిన చిన్న ఇత్తడి పలకలు మాత్రము ఆసనములకు అట్లే అమరియున్నవి.