సత్యసాయిబాబా

సత్యసాయిబాబా (23 నవంబర్ 1926 – 24 ఏప్రిల్ 2011) పుట్టపర్తిలో జన్మించిన ఆధ్యాత్మిక గురువు, విద్య, వైద్య, తాగునీటి రంగాల్లో విస్తృత సేవాసంస్థల స్థాపకుడు. అసలు పేరు రత్నాకరం సత్యనారాయణరాజు. పుట్టపర్తిలోని ప్రశాంతి నిలయం తరువాత ఆయన ప్రధాన నివాసం బెంగళూరు తూర్పు శివారు కాడుగోడిలోని బృందావనం. ఆ ఆవరణ పక్కనే 1969లో కళాశాల మొదలైంది. 1981లో ఏర్పడిన సత్యసాయి విశ్వవిద్యాలయానికి అది ఒక ప్రాంగణమైంది. సేవల నిర్వహణకు 1972లో కేంద్ర ట్రస్టు ఏర్పడింది.

వీటన్నిటిలో ఎక్కువమందికి అందినది తాగునీరే. ఏటా సగటున 550 మి.మీ. వాన మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో భూగర్భజలాల ఫ్లోరైడ్ ఎముకలను వంచేది. 1995-96లో పెన్నా, చిత్రావతి, హగరి నదీగర్భాల ఊటబావులు, వేసవి చెరువుల ద్వారా 700కు పైగా గ్రామాలకు నీరందింది. 1999లో తపాలాశాఖ ఈ పథకంపై బిళ్ళ విడుదల చేసింది. చెన్నైకి కృష్ణాజలాలు తెచ్చే కండలేరు–పూండి కాలువనూ ట్రస్టు బాగుచేయించింది.

పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబర్ 22న ప్రధాని పి.వి. నరసింహారావు, కాడుగోడికి సమీపంలోని వైట్‌ఫీల్డ్ ఆసుపత్రిని 2001 జనవరి 19న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. గుండె శస్త్రచికిత్సలు సైతం రెండుచోట్లా ఉచితం. బిల్లుల కౌంటరే లేకపోవడం వీటి ప్రత్యేకత.