కాంటెస్సా: కోల్‌కతా పొరుగున పుట్టిన ‘భారతీయ మజిల్ కారు’

హావ్‌డా నుంచి బర్ధమాన్ వెళ్లే మెయిన్ లైన్‌లో ఉత్తర్‌పారా దాటగానే వచ్చే స్టేషన్ పేరు హింద్ మోటర్. పక్కనున్న హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం పేరే ఆ స్టేషన్‌కు స్థిరపడింది. 2014 మే నెలలో కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయినా పేరు మాత్రం మిగిలింది. ఇక్కడి నుంచి వచ్చిన అంబాసిడర్ గురించి తెలియని వారుండరు. అదే ప్రాంగణంలో 1984 నుంచి 2002 వరకు తయారైన కాంటెస్సాకు అంతటి ప్రాచుర్యం దక్కలేదు. అయితే పాత కార్ల ప్రియులు ‘భారతీయ మజిల్ కారు’ అని పిలుచుకునేది దీనినే.

మజిల్ కారు అన్న మాట అమెరికాది. సాధారణ కుటుంబాలు వాడే మధ్యతరహా కారులో అతి పెద్ద ఇంజిన్ అమర్చి, యువతకు అందుబాటు ధరలో అమ్మడం దాని సూత్రం. ఈ ఒరవడికి ఆద్యురాలిగా ఎక్కువ మంది 1964 నాటి పాంటియాక్ జీటీఓను పేర్కొంటారు. మధ్యతరహా కార్లలో ఇంత పెద్ద ఇంజిన్ పెట్టరాదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నిబంధన విధించింది. జాన్ డెలోరియన్ తదితర ఇంజినీర్లు 6.4 లీటర్ల వి-8 ఇంజిన్‌ను కొనుగోలుదారు కోరితే అదనంగా అమర్చే సదుపాయంగా చూపి ఆ నిబంధనను దాటేశారు. దాని శక్తి 325 హార్స్‌పవర్. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్, ఆ తరువాత డాడ్జ్ చార్జర్, షెవ్రొలే కమారో వచ్చాయి. ఈ వైభవం పదేళ్లు కూడా నిలువలేదు. బీమా కంపెనీలు ప్రీమియం పెంచాయి, 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగపై ఆంక్షలు తెచ్చింది, 1973 చమురు సంక్షోభం మిగిలిన పని పూర్తి చేసింది.

ఉత్తర్‌పారా కారుకు ఆ వంశంతో దూరపు చుట్టరికం ఉంది. కాంటెస్సాకు మూలం బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ సంస్థ 1972లో విడుదల చేసిన విక్టర్. వాక్స్‌హాల్ అప్పటికే దశాబ్దాలుగా జనరల్ మోటార్స్ చేతిలో ఉంది. పొడవైన బానెట్, వెడల్పాటి దేహం, వెనుక చక్రాలను తిప్పే యంత్రాంగం ఆ అమెరికన్ అభిరుచికి ఆనవాళ్లు. బ్రిటన్‌లో దాని ఉత్పత్తి 1978లో ఆగిపోయింది. హిందుస్థాన్ మోటార్స్ ఆ నమూనాను, తయారీ సామగ్రిని కొనుగోలు చేసి తెచ్చుకుంది.

రూపం వచ్చింది కానీ కండ రాలేదు. తొలి కాంటెస్సాలో అమర్చింది అంబాసిడర్ ఇంజినే: 1489 సీసీ, దాదాపు 50 హార్స్‌పవర్. అంత పెద్ద దేహాన్ని లాగడానికి అది చాలలేదు. సరిగ్గా అదే కాలంలో, 1983 డిసెంబరులో, మారుతి 800 రోడ్డెక్కింది. చిన్నదైనా చురుకైన ఆ కారు పక్కన కాంటెస్సా బరువుగా కదిలేది. కొన్నేళ్లకు జపాన్‌కు చెందిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు రావడంతో కారు స్వభావమే మారిపోయింది. అధికారులు, వ్యాపారులు దీన్ని ఆదరించారు. సినిమాల్లో సంపన్నుడి ఇంటి ముందు నిలిచిన కారు తరచూ ఇదే అయ్యేది. 1990లలో విదేశీ సంస్థల కొత్త కార్లు వచ్చాక పెట్రోలు ఎక్కువగా తాగే ఈ కారుకు గిరాకీ తగ్గింది.

అమెరికన్ కొలమానంతో చూస్తే కాంటెస్సాను మజిల్ కారు అనడం అతిశయోక్తే. జీటీఓ శక్తిలో మూడో వంతు కూడా దీనికి లేదు. అయినా మోజు అదే తీరుగా నిలిచిందంటే, ఆకర్షణ వేగంలోనే లేదని అనుకోవాలి. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. కంప్యూటర్ తగిలించనక్కర లేకుండా, శబ్దం విని లోపం చెప్పగల మెకానిక్ చాలు. ఇంజిన్ గది విశాలంగా ఉండటంతో కొందరు మరింత శక్తిమంతమైన ఇంజిన్లు కూడా బిగించుకున్నారు. కారును యజమాని తనకు తగినట్లు దిద్దుకోవడం డెట్రాయిట్ కార్ల అభిమానులకూ ఇష్టమైన విషయమే.

కోల్‌కతాకు పాత కార్ల మీద మక్కువ కొత్త కాదు. స్టేట్స్‌మన్ పత్రిక ఇక్కడ 1960ల నుంచి వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీ నిర్వహిస్తూ వస్తోంది. అయితే ర్యాలీలో మెరిసే రాజుల కాలపు కార్లకు లేని చిక్కు కాంటెస్సాకు ఉంది. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికే వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తాయి. సాధారణ సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగింపు. దీనికి తోడు కోల్‌కతా, హావ్‌డాలలో 15 ఏళ్లు దాటిన వాహనాలను తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 జులైలో ఆదేశించింది. అమలు ఆ ఆదేశమంత సూటిగా సాగలేదు. నగరంలో పసుపు అంబాసిడర్ టాక్సీలు మాత్రం ఏటా తగ్గిపోతున్నాయి.

చిట్టచివరి కాంటెస్సాకు కూడా 15 ఏళ్లు 2017లోనే నిండాయి. మొట్టమొదటి దానికి 50 ఏళ్లు నిండేది 2034లో. చట్టం దృష్టిలో ఇది ఇప్పుడు ముసలిదే గానీ వారసత్వం కాదు. పొగ తక్కువ గల నగరం కావాలన్న కోరిక న్యాయమైనదే. ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారును రోజంతా తిరిగే టాక్సీతో ఒకే గాటన కట్టడం మాత్రం సమంజసంగా తోచదు.

మరో మెలిక కూడా ఉంది. వింటేజ్ గుర్తింపు కావాలంటే వాహనం అసలు రూపంలో, పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు. ఆ లెక్కన, యజమానులు ఎంతో ఖర్చు పెట్టి కొత్త ఇంజిన్‌తో నిజంగానే మజిల్ కారుగా మలచుకున్న కాంటెస్సాలకు 2034లోనూ ఆ గుర్తింపు దక్కడం కష్టం. అంబాసిడర్ ఇంజిన్‌తో నెమ్మదిగా నడిచే తొలినాటి కార్లే ముందుగా అర్హత పొందుతాయి.