జి.టి.ఓ. – ఒక బిరుదు చరిత్రము



అవయవార్థమును బట్టి చెల్లు పదమును యౌగికమందురు. ఆ యర్థము మరుగుపడి వాడుకచేతనే నిలిచిన పదమును రూఢమందురు. ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీవారి జి.టి.ఓ. అను పేరు యౌగికమునుండి రూఢమునకు దిగిన విధమును నేడు మనవి చేసెదను. పరిమితసంఖ్యలో చేయబడు వేగవంతములైన కార్లు తమ పందెపు వంశమునకు తగియున్నవా యను ప్రశ్నకు ఈ మూడక్షరములే మంచి సాక్ష్యము.

'గ్రాన్ తురిస్మో ఒమొలొగాతో' యనునది పూర్తి నామము. పందెమునకు అర్హమని అంగీకరింపబడిన దూరప్రయాణపు బండి యని భావము. అట్టి యంగీకారమునకు 100 బండ్లు చేయవలెనని అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారి నాటి నియమము. ఫెరారీవారు 1962 మొదలు 1964 వరకు చేసినవి 36 మాత్రమే. ఇది క్రొత్తబండి కాదనియు, మునుపటి 250 జి.టి.కి సంస్కరించిన రూపమనియు వాదించి వారు అనుమతి పొందిరి. మూలపురుషుని జాతకమునందే కొంత యుక్తి గలదన్నమాట! అయినను ఆ బండి 1962లో ల మాన్ 24 గంటల పందెమున మొత్తముమీద ద్వితీయస్థానము నందెను. ఆ మూడేండ్లును తన తరగతిలో అంతర్జాతీయ విజయమును ఫెరారీకి సంపాదించెను.

రెండవ జి.టి.ఓ. 1984లో వచ్చెను. గ్రూప్ బి అను తరగతికి 200 బండ్లు కావలసియుండగా 272 చేసిరి. ఈమారు సంఖ్యకు లోటు లేదు. కాని ఘోరప్రమాదముల కారణమున 1986తో ఆ తరగతియే రద్దయ్యెను. ఆయుధము సిద్ధమయ్యెను గాని యుద్ధము తప్పిపోయెను.

మూడవది 2010 నాటి 599 జి.టి.ఓ. చేసినవి 599 బండ్లు. ఏ పందెపు నియమమును ఆ లెక్కను కోరలేదు; బండి పేరులోని యంకెయే బండ్ల సంఖ్య యయ్యెను. పూర్వము సంఖ్య 'ఇంతకు తగ్గరాదు' అను కట్టుబాటు. ఇచ్చట 'ఇంతకు మించదు' అను ఆకర్షణ. శక్తికి మాత్రము కొదువ లేదు. 670 అశ్వశక్తితో, ఫెరారీవారి ఫియొరానో బాటను 1 నిమిషము 24 సెకండ్లలో చుట్టి, అంతవరకు వారు చేసిన వీధిబండ్లనన్నిటిని మించెను.

బడిపంతులు దృష్టితో చెప్పుదును. చదువు వచ్చిన బాలుని పరీక్షకు పంపనిచో వానికి తెలివి లేదనము, ఉత్తీర్ణుడనియు అనజాలము. ఒంటరిగా ఒక చుట్టు తిరుగుట వేరు. ప్రత్యర్థుల నడుమ రాత్రింబవళ్లు చెడక పరుగెత్తుట వేరు. 2018లో ఒక 250 జి.టి.ఓ. వేలములో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయినది. ఆ వెలలో పెద్దభాగము పందెపు చరిత్రమునకే. ఆ కీర్తిని పేరుతోపాటు క్రొత్తబండికి అరువిచ్చుటయే ఇచ్చట చింతింపవలసిన విషయము.

వంశమంతయు అంతరించినదనరాదు. ఆస్టన్ మార్టిన్ వారు పరిమితసంఖ్యలో చేసిన వాల్కిరీ యనుబండి, పందెమునకు తగిన మార్పులతో, 2025లో ల మాన్ బరిలో దిగెను. ఆ పని నేటికిని సాధ్యమే.

కావున కొనువారును మెచ్చువారును 'ఎన్ని చేసిరి?' అని అడిగి ఊరకుండక, 'ఎందులకు చేసిరి? ఎచ్చట పరుగెత్తినది?' అనికూడ అడుగవలెను. బిరుదు తాతదైనను, పరీక్ష మనుమడే వ్రాయవలెను గదా! సెలవు.