ఇంట దంచినది, అంగడిలో కొన్నది

వేసవి రాగానే మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, ఇంటనే కారము దంచుకొను గృహిణులు మన శ్రోతలలో నేటికిని కలరు. అంగడిలో పొట్లము కొని తృప్తిపడువారు అంతకంటె ఎక్కువ. కంప్యూటరు ప్రోగ్రాముల విషయమునను ఇట్టి రెండు తెగలవారు కలరు. ఆ భేదము ఎట్లు పుట్టినదో కొంత మనవి చేయుదుము.

ప్రోగ్రామును మనుష్యుడు చదువదగిన భాషలో వ్రాయుదురు. అది సోర్సు కోడు, మూలపాఠమన్నను తగును. యంత్రమునకు ఆ భాష తెలియదు. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము దానిని యంత్రము గ్రహించు అంకెలుగా మార్చును. ఆ రూపమే బైనరీ. మూలము చేత నున్నవాడు లోపలి సరకును పరీక్షింపగలడు. బైనరీ మాత్రమే కలవాడు ఇచ్చినవాని మాట నమ్మవలసినదే.

1970వ దశకమున బెల్ ప్రయోగశాలవారి యూనిక్స్, విశ్వవిద్యాలయములకు అయస్కాంతపు టేపులపై మూలపాఠముతోనే చేరెడిది. యంత్రములు పలువిధములు; ఒకదాని బైనరీ వేరొకదానికి పనికిరాదు. ఎవరి యంత్రముపై వారు కంపైలు చేసికొనుట తప్పనిసరి యయ్యెను. 'కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్' అను మూడు ఆజ్ఞలు తరువాతి తరమునకు ఎక్కములవలె కంఠస్థములు. మూడవ ఆజ్ఞ దాక చేరు భాగ్యము అందరికిని లేదు. ఏదో లైబ్రరీ లేదని యంత్రము మొరాయించును. దానిని తెచ్చి పెట్టినచో అది ఇంకొకదానిని కోరును.

ఈ అవస్థనుండియే సిద్ధప్యాకేజీలు వృద్ధిచెందినవి. 1993లో అయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, 1995 నాటి రెడ్ హ్యాట్ వారి ఆర్‌పీఎం, ముందే కంపైలు చేసి కట్టిన మూటలను, వాటికి కావలసిన తక్కిన మూటల పట్టికతో సహా అందించినవి. 2002లో 1.0 సంచిక వెలువరించిన జెంటూ మాత్రము దంపుడు మార్గమునే పట్టినది. పెద్ద ప్రోగ్రాములకై యంత్రమును రాత్రియంతయు నడుపుటలో దాని అభిమానులకు ఒక ఆనందము. కలుగు వేగము ఆ శ్రమకు తగినదని మాకు తోపదు.

వేగముకంటె పెద్ద ప్రశ్న నమ్మకము. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థామ్సన్, 1984లో ప్రకటితమైన తన ట్యూరింగ్ పురస్కారోపన్యాసమున ఒక చిక్కు చూపెను. కంపైలరునందే మోసము దాగినచో, లాగిన్ ప్రోగ్రామును కంపైలు చేయునప్పుడు అది అందు దొంగదారి పెట్టును. కొత్త కంపైలరును తయారుచేయునప్పుడు ఆ విద్యను దానికిని నేర్పును. మూలపాఠమున జాడయే ఉండదు. కాయ మంచిదే, కల్తీ రోటిలో నున్నది! 2013నుండి డెబియన్‌వారు, ఒకే మూలమును వేర్వేరు చోట్ల కంపైలు చేసి ఫలితములను కడపటి బిట్టు వరకు సరిపోల్చు యత్నము చేయుచున్నారు. రోటి కల్తీకి ఇది పూర్తి చికిత్స కాదు గాని, మూట కట్టినవాని చేయి శుద్ధమో కాదో తెలుపును.

మూలమే కలుషితమైనచో? 2024లో ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనపు 5.6.0, 5.6.1 సంచికలలో అదియే జరిగెను. దుష్టభాగమును మేల్కొలుపు పంక్తి విడుదల మూటలో మాత్రమే ఉండెను. అందరును చదువు భాండారమున లేదు. అదియు డెబియన్, ఆర్‌పీఎం మూటలు కట్టు వేళనే పనిచేయును. ఇంట దంచుకొనువానిని విడిచిపెట్టును. ఆండ్రెస్ ఫ్రాయెండ్ అను ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అరసెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు చాటెను. డెబియన్‌వారు తమ ప్రయోగశాఖలలో పాత 5.4.5ను తిరిగి నిలిపిరి. వారి పద్ధతిలో సంచిక సంఖ్య వెనుకకు పోరాదు. కనుక ఆ మూటకు '5.6.1+రియల్లీ5.4.5' అని పేరు పెట్టవలసి వచ్చెను.