పడవకు కొత్త ఈత పలక: ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

మోటారు పడవ వెనుక గోడకు, నీటిమట్టానికి కాస్త పైన బిగించే పలకను స్విమ్ ప్లాట్‌ఫాం అంటారు. ఈతగాళ్లు, స్కూబా డైవర్లు నీళ్లలోకి దిగేది, తిరిగి పడవెక్కేది దీని మీదుగానే. ఎండ, ఉప్పునీరు, అలల తాకిడి అన్నీ దీనిపైనే పడతాయి. అందుకే చాలాసార్లు పడవ బాగానే ఉన్నా పలక మాత్రం పాడవుతుంది.

టేకు ఎందుకు భారమైంది?

చాలాకాలం ఈ పలకలను టేకు బద్దలతో చేసేవారు. సహజమైన నూనె ఉండటం వల్ల టేకు నీటికి త్వరగా కుళ్లదు. పడవల తయారీలో బర్మా టేకుకు ప్రత్యేక గిరాకీ ఉంది. అయితే మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది. సైనిక తిరుగుబాటు తర్వాత 2021లో ఆ దేశ ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా ఆంక్షలు విధించింది. దాంతో మంచి టేకు మరింత ప్రియమైంది.

రెండు ప్రత్యామ్నాయాలు

మొదటిది మెరైన్ ప్లైవుడ్. భారత్‌లో దీనికి ఐఎస్ 710 ప్రమాణం ఉంది. అంచులకు, బోల్టు రంధ్రాల లోపలి వైపుకు కూడా ఎపాక్సీ పట్టించాలి. నీరు మొదట చొరబడేది అక్కడే. ఎపాక్సీ ఎండకు దెబ్బతింటుంది కాబట్టి పైన రంగు వేయాలి. తడి రంగుపై సన్న ఇసుక చల్లితే కాలు జారదు.

రెండోది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలక. ఇది కుళ్లదు, రంగు అక్కర్లేదు. కానీ బరువుకు వంగుతుంది కాబట్టి కింద ఆధారాలు దగ్గర దగ్గరగా ఉండాలి. వేడికి సాగుతుంది కూడా. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవుకు సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే రంధ్రాలను బోల్టు కంటే కాస్త పెద్దవిగా వేయాలి. దీనికి జిగురు అంటదు, బోల్టులే ఆధారం.

బిగించే పద్ధతి

పాత పలకను విప్పి, దాన్నే కొలతకు నమూనాగా వాడుకోవచ్చు. విప్పాక పడవ వెనుక గోడను చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఎక్కడైనా శబ్దం మందంగా వస్తే లోపలి చెక్క నానిందని అనుమానించాలి. ముందు దాన్ని బాగుచేయాలి.

ఆధారాలను స్క్రూలతో కాకుండా, గోడ గుండా అవతలికి వెళ్లే బోల్టులతో బిగించాలి. లోపలివైపు వెడల్పాటి లోహపు పట్టీ పెట్టాలి. ప్రతి రంధ్రానికీ సముద్ర వాడకానికి పనికొచ్చే సీలెంట్ తప్పనిసరి. ఉప్పునీటిలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పడుతుంది, మాలిబ్డినం కలిసిన 316 రకమే మేలు. పలకలో సందులు వదిలితే నీరు నిలవదు, కింది నుంచి కొట్టే అల జోరూ తగ్గుతుంది.

మరచిపోకూడని ప్రమాదం

2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ జలాశయంలో ఒక హౌస్‌బోటు పలక కిందికి ఈదిన ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. జనరేటర్ పొగ పలక కింది ఖాళీలోకే వెళ్లడంతో అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు.

కాబట్టి అందం కోసం పలక కింది భాగాన్ని పెట్టెలా మూసేయకూడదు. కొత్త పలక పొగ గొట్టానికి అడ్డు రాకూడదు. ఇంజన్, జనరేటర్ నడుస్తుండగా పలకపై ఎవరూ కూర్చోకూడదు, దాని దగ్గర ఈదకూడదు. ఇంజన్ ఆగి, ప్రొపెల్లర్ తిరగడం మానాకే నీళ్లలోకి దిగాలి.

చెక్క దగ్గర డబ్బు మిగుల్చుకోవచ్చు. బోల్టులు, సీలెంట్, గాలి ఆడే ఖాళీ దగ్గర మాత్రం కాదు.