ముందే రాసిపెట్టిన జవాబులు

1959 అక్టోబరు 10న నెహ్రూగారు మన వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేసేనాటికి, కంప్యూటర్‌కు పని అప్పజెప్పడమంటే ఎక్కువగా చిల్లుల కార్డులే. కార్డుకు 80 నిలువు వరుసలు, వరుసకో అక్షరం. ప్రోగ్రాము కార్డుల వెనకే దానికి కావలసిన అంకెల కార్డులూ పేర్చి, కట్ట ఇచ్చి రావాలి. యంత్రం మధ్యలో ఏదైనా అడిగితే చెప్పడానికి పక్కన మనిషి ఉండడు. అది అడగబోయేదంతా ముందే ఊహించి అదే వరుసలో పేర్చాలి. ఒక్క కార్డు అటూ ఇటూ అయితే లెక్కంతా తప్పు.

తర్వాత తెర, కీబోర్డు వచ్చి ఎదురెదురు సంభాషణ మొదలైంది. కానీ రోజూ అవే ప్రశ్నలకు అవే జవాబులు ఎవరు కొడతారు? 1973లో యూనిక్స్‌లో పైపు వచ్చింది: ఒక ప్రోగ్రాము చెప్పింది మరొకటి వింటుంది. 1983లో డాస్ రెండో వెర్షన్‌తో ఆ సౌకర్యం పర్సనల్ కంప్యూటర్‌కూ చేరింది. జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి '<' గుర్తుతో అందించవచ్చు. ఒక్క 'వై' చాలనుకుంటే 'ఎకో' ఆదేశంతో '|' గుర్తు మీదుగా పంపవచ్చు. బ్యాచ్ ఫైలు రాత్రంతా తన పని తాను చేసుకుపోతుంది.

చిక్కూ అక్కడే ఉంది. ఫైళ్లన్నీ చెరిపేయమంటే డాస్ 'ఖాయమేనా?' అని అడిగేది. మనిషి ఒక్క క్షణం ఆగాలనే ఆ ప్రశ్న. 'వై' ముందే రాసిపెడితే ఆ క్షణం పోతుంది. డైరెక్టరీ మారినా జవాబు మారదు. అందుకే ముందు ఎక్కడున్నామో సరిచూసే వాక్యం, ఆ తర్వాతే జవాబు రాయాలి.

ప్రశ్న చదవకుండా బట్టీపట్టిన జవాబు రాస్తే మన మాస్టార్లు సున్నా వేసేవారు. యంత్రం సున్నా వేయదు, చెప్పింది చేసేస్తుంది.